మెట్ల కింది డబ్బాలోని గొంతు

మా ఇంట్లో ప్రతి ఉదయం మొదటి మాట ఆయనదే. ఆయన పోయిన తరువాత కూడా చాలా నెలలపాటు అది అలాగే సాగింది. నేను వంటగదిలో పాలు పొయ్యిమీద పెట్టి నిలబడి ఉండగా, మెట్ల కింద గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలోంచి టక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. వాకిట్లో మోటరు మూలుగు ఆగేది. తరువాత ఎవరో గొంతు సవరించుకోవడం వినిపించేది. ఆ తరువాత, "ఇగో, నీళ్ళు నిండినయ్. మోటరు బంద్ జేసిన."

"ఆఁ" అనేదాన్ని నేను. ఆయన ఉన్నప్పుడు అలాగే అన్నాను, పోయినాక కూడా అలాగే అన్నాను. అలవాటు మనిషికంటే నెమ్మదిగా చనిపోతుంది.

ఆ డబ్బా పుట్టడానికి కారణం నేనే. ఆయన విద్యుత్ సబ్‌స్టేషనులో ఆపరేటరుగా పనిచేసి విరమించారు. నేను తహసీలు కార్యాలయంలో కాగితాల మధ్య ఉద్యోగం ముగించాను. రోజువారీ పుస్తకం రాయడం నాకు కార్యాలయంలో అంటుకుని ఇంటిదాకా వచ్చిన పద్ధతి. మా వీధికి మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు సంపు నిండుతుంది, సంపులోంచి మోటరు పైట్యాంకుకు ఎక్కిస్తుంది. మోటరు వేసి మరిచిపోవడం ఆయన వంతు. ట్యాంకు పొంగి పక్కింటి గోడ తడిసిన ప్రతిసారీ నేను పుస్తకంలో రాసి, భోజనం దగ్గర చదివి వినిపించేదాన్ని.

"ఇంట్ల గూడ తహసీలు నడుపుతవా?" అనేవారు ఆయన.

"నడపకుంటే గోడ కూలుతది."

అప్పుడు పట్టుబట్టి ఏవేవో వీడియోలు చూసి, నగరానికి వెళ్ళి ఒక చిన్న పచ్చ పలక కొనుక్కొచ్చారు. అరచేతిలో ఇమిడిపోతుంది. కంప్యూటరు మొత్తం ఆ పలకమీదే ఉందని చెబితే నేను నమ్మలేదు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. వేలిగోరంత కార్డు ఒకటి దాని పొట్టలో దూర్చారు. దానికి తెలిసినదంతా ఆ కార్డులోనే ఉంటుందట. ట్యాంకులోంచి తీగ లాగి, మోటరుకు స్విచ్చు కలిపి, చిన్న స్పీకరు అతికించి, తన గొంతు తానే రికార్డు చేసి పెట్టారు. ఆ తరువాత ట్యాంకు పొంగలేదు. నా పుస్తకంలో ఆ పద్దు ఆగిపోయింది. ఆయన విజయం అంతా ఆ "ఇగో"లో వినిపించేది.

"ఇగో" అంటే నేను. మా పెళ్ళయిన నాటినుంచి ఆయన నన్ను పేరుపెట్టి పిలవలేదు. నేను ఆయనను "ఇంటున్నవా" అని, అంటే వింటున్నావా అని, పిలిచేదాన్ని. మా వైపు మా తరంలో అదే మర్యాద. అందులో లోటు ఉందని మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు.

ఒక ఉదయం ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకువెళ్ళాం. మధ్యాహ్నానికి అయిపోయింది.

అంత్యక్రియలైన మరునాడు పొద్దున ఇల్లు నిండా బంధువులు. ఆడవాళ్ళు నా చుట్టూ చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరో టీ తెస్తున్నారు. అంతలో మెట్ల కింద టక్కుమంది. గొంతు సవరించుకుంది. "ఇగో, నీళ్ళు నిండినయ్. మోటరు బంద్ జేసిన."

టీ పళ్ళెం నేలమీద పడింది. ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ, "అన్నా!" అని ఒక్క కేక పెట్టి మెట్ల కిందికి పరుగెత్తింది. అక్కడ డబ్బా, గోడ, ఒక చీపురు తప్ప ఏమీ లేవు. ఆమె గోడకు చేతులు ఆనించి నిలబడిపోయింది. ఎవరో "పీకండి దాన్ని" అన్నారు. మా బిడ్డ డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వలు ముట్టద్దు. ఇంతమందికి నీళ్ళు ఎక్కాలె గదా, ఎవలు జూస్తరు?"

ఆ పదకొండు రోజులూ ఆ గొంతే నీళ్ళు ఎక్కించింది. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి, కళ్ళు తుడుచుకుని, ఆ నీళ్ళతోనే స్నానాలు చేసి భోజనాలకు కూర్చున్నారు.

పదకొండో రోజున పోయినవారి వస్తువులు ఇచ్చివేయడం మా ఆచారం. ఆయన బట్టలు, చెప్పులు, గొడుగు, గడియారం బయటికి పోయాయి. వాటితోపాటు ఫోను కూడా పోయింది. మంచి ఫోను వృథాగా ఎందుకని ఆడబిడ్డ ముందుకు వచ్చి, అందులో ఉన్నదంతా ఎవరిచేతనో తుడిపించి, పనిచేసుకునే ఒక బీద మనిషికి ఇప్పించింది. నన్ను అడగలేదు. ఆ రోజు నన్ను లోపల కూర్చోబెట్టి చేయించవలసిన పనులు వాళ్ళకు వేరే ఉన్నాయి. ఒక మనిషి వస్తువులను ఇచ్చివేసేటప్పుడు ఏమిచ్చారో ఎవరికిచ్చారో రాసిపెట్టుకోవాలన్న కనీస జ్ఞానం అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ లేకపోయింది. ఈ మాట నేను ఆ రోజు అనలేదు. తరువాత చాలాసార్లు అన్నాను.

ఆ ఫోనులో ఏముండేదో తరువాత తెలిసింది. మెట్ల కింది యంత్రంలోకి వెళ్ళే దారి ఆ ఫోనులోనే ఉండేది. ఆయన కుర్చీలో కూర్చుని ఫోనులో నల్లటి తెర తెరిచి ఏదో కొట్టేవారు. ఇంకో గదిలో ఉన్న యంత్రం ఆయన చెప్పినట్టు చేసేది. ఆ దారి కాస్తా తుడుపుతో పోయింది.

వానాకాలం వెళ్ళాక గొంతు పాడైంది. మొదట వాక్యం చివర తెగింది. తరువాత మధ్యలో తెగింది. చివరికి "ఇగో" ఒక్కటే మిగిలింది. దానికి వేళాపాళా లేదు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే, నాదర్‌గుల్ వైపునుంచి శిక్షణ విమానం ఒకటి ఇంటిమీదుగా సన్నగా మూలుగుతూ పోయేది. అది దూరమై చెవులు ఖాళీ అయిన క్షణంలో మెట్ల కిందినుంచి, "ఇగో." కాస్సేపాగి మళ్ళీ, "ఇగో." చెప్పవలసిన సంగతి చెప్పకుండా పిలుపు మాత్రమే. నేను లేచి వెళ్ళి డబ్బా ముందు నిలబడేదాన్ని. నిలబడితే పలికేది కాదు. వచ్చి పడుకుంటే పలికేది.

అంట్లు తోమే ఆమె ఒకరోజు గిన్నెలు సగంలో వదిలి చేతులు కడుక్కుంది.

"అమ్మా, సారు పిలుస్తుండు. ఎవరిని పిలుస్తుండో ఏమో. నేను రేపటిసంది రాను."

"నిన్ను కాదు, నన్ను."

"గదే అమ్మా నా భయం. మీరు సుత పోతరేమో."

దయ్యం అన్న మాట వీధిలో పాకింది. నాకు ఒళ్ళు మండింది. నేను దయ్యాలను నమ్మను. పాడైన వస్తువును బాగుచేయడం మానేసి దానికి మహత్తు అంటగట్టే సోమరితనాన్ని ఉద్యోగమంతా చూశాను. పలికిన ప్రతి పిలుపునూ పుస్తకంలోకి ఎక్కించాను. ఎండ ఎక్కువున్న రోజున ఎక్కువ, కరెంటు ఊగినప్పుడు ఎక్కువ. దయ్యానికి కరెంటుతో ఏం పని? కానీ నిజం చెప్పాలి. అలా రాసుకుంటూ ఉన్నప్పుడు కూడా, ప్రతి పిలుపుకూ నా నోరు దానంతటది "ఆఁ" అనేది. ఆ జవాబులను మాత్రం నేను పుస్తకంలో రాయలేదు.

ఏడాది తద్దినం దగ్గరపడింది. ఆ ఏర్పాట్లు మాట్లాడడానికి ఆడబిడ్డ మహేశ్వరంనుంచి వచ్చింది. కూర్చుని నీళ్ళు తాగుతుండగా డబ్బా "ఇగో" అంది. ఆమె గ్లాసు కింద పెట్టింది. రెండోసారి "ఇగో" అంది.

"వదినె, మా అన్నను ఇంకెన్ని దినాలు డబ్బల పెట్టి మాట్లాడిపిస్తవ్?"

"మాట్లాడిపించేది నేను కాదు. యంత్రం పాడైంది."

"గవన్నీ నాకు ఎరుక లేదు. పూజలు జేసే అయ్యగారిని అడిగిన. ఏడాది దాటినంక పోయినోని గొంతు ఇంట్ల మోగద్దన్నడు. పానం పోయినోడు పోవద్దా? నువ్వు పట్టుకోని కూసుంటివి."

"నేను పట్టుకున్ననా? మీరు ఫోను ఇచ్చెయ్యకపోతే ఇదంతా ఎప్పుడో సరి అయ్యేది."

"ఫోను, ఫోను! ఏడాదిసంది గదే పాట. ఇగ జూడు, ఏడాది పొద్దుకు ఇది గోడకుంటే నేనే పీకిపిస్త. మా అన్న మీద నాకు గూడ హక్కున్నది."

హక్కు ఉంది. దాన్ని నేను కాదనలేను. కానీ పీకితే ఏమవుతుందో మా బిడ్డ ఆదివారం తుక్కుగూడనుంచి వచ్చినప్పుడు చెప్పింది. ఆమె ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చేస్తుంది. డబ్బా మూత తీసి, పలకను ముట్టకుండా చాలాసేపు చూసింది.

"అమ్మా, కార్డు సచ్చిపోతున్నది. బాపు గొంతున్న కాడ చదవలేకపోతున్నది. 'ఇగో' దాక చదువుతది, ముందుకు పోలేక మళ్ళ మొదటిసంది మొదలుపెడుతది."

"కొత్త కార్డు వెయ్యి."

"వెయ్యొచ్చు. కాని కరెంటు తీసినమనుకో, ఇది మళ్ళ లేస్తదని నేను చెప్పలేను. బాపు గొంతు ఇంకెక్కడ లేదు. ఫోన్ల ఉండె, అది తుడిచిండ్రు. నడుస్తుండంగనే లోపలికి పోయి తీసుకోవాలె."

కాబట్టి సంగతి ఇంతే. ఏడాది తద్దినం లోగా యంత్రంలోకి వెళ్ళగలిగితే ఆయన గొంతు మాకు దక్కుతుంది. లేకపోతే ఆడబిడ్డ పీకించిన రోజున అది రెండోసారి పోతుంది.

లోపలికి వెళ్ళడానికి మూడు కావాలని బిడ్డ చెప్పింది. యంత్రం ఉన్న చిరునామా, అందులో ఖాతా ఉన్న మనిషి పేరు, సంకేతపదం. తెర, కీబోర్డు తెచ్చి నేరుగా తగిలించినా అది అడిగేది అదే పేరు. చిరునామా ఇంటి వైఫై పెట్టెలో దొరికింది. సంకేతపదం కూడా ఆమెకు తెలుసు. ఆయన అన్నిటికీ మా పాత స్కూటరు నంబరే పెట్టేవారు. ఆమె తన పాత ల్యాప్‌టాపు నా ముందు పెట్టి నల్ల తెర తెరిచి, ముందు ఇంకో యంత్రంలోకి పోవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ అన్న ఆజ్ఞ, తరువాత ఆయన పేరు, మధ్యలో ఈమెయిలులో ఉండే ఆ వంకర గుర్తు, చివర చిరునామా కొట్టించింది. ఎంటర్ నొక్కగానే యంత్రం జవాబిచ్చింది. అవతల ఉన్నది నిజంగా మీరు అనుకుంటున్నదేనని రుజువు లేదు, దాని వేలిముద్ర ఇది, అయినా ముందుకు పోతారా అని అడిగింది.

"యస్ అని కొట్టు."

"ఉండు. ఈ వేలిముద్ర రాసుకోనీ."

"అమ్మా, గది రిజిస్ట్రీ ఆఫీసు గాదు!"

"ఎవరో తెలియకుండా లోపలికి పోతామా?"

అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఆ బారెడు వరుసను నేను రాసుకునేదాకా ఆమె నవ్వుకుంటూ కూర్చుంది. యస్ కొట్టాక యంత్రం సంకేతపదం అడిగింది. కొడుతుంటే తెరమీద ఏమీ కనబడదు. చుక్కలైనా రావు. చీకట్లో రాసినట్టు రాయాలి. రాశాను. ప్రవేశం లేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది.

ఆయన పేరు పూర్తిగా పెట్టి చూశాం. ఇంటిపేరుతో చూశాం. ఆయన చిన్ననాటి ముద్దుపేరుతో, మా బిడ్డ పేరుతో, మనవరాలి పేరుతో, సబ్‌స్టేషను పేరుతో, ఆ పలకలకు మామూలుగా వచ్చే పేరుతో కూడా చూశాం. ప్రతిసారీ అదే జవాబు. మూడుసార్లు తప్పితే తలుపు మూసేస్తుంది, మళ్ళీ మొదటినుంచి తట్టాలి.

నాకు మండిపోయింది. "పేరు తప్పా, సంకేతపదం తప్పా? ఏది తప్పో చెప్పదేమి? మా కార్యాలయంలో ఒక దరఖాస్తు తిప్పి పంపితే కారణం రాసి సంతకం పెట్టేవాళ్ళం."

"చెప్పదమ్మా. చెప్పినట్టయితే దొంగకు సగం పని అయిపోతది."

"నేను దొంగనా?"

"దానికి ఎట్ల ఎరుక నువ్వెవరో?"

ఆ మాట ఆమె తేలిగ్గానే అంది. అవతలి గదిలో "ఇగో" అంది యంత్రం. పక్క గదిలో పేరులేకుండా నన్ను పిలుస్తున్న గొంతు, ముందున్న తెరలో నువ్వెవరో నాకు తెలియదంటున్న అక్షరాలు, రెండూ ఒకే యంత్రానివి.

ఆమె సాయంత్రం వెళ్ళిపోయింది. ల్యాప్‌టాపు నా దగ్గరే వదిలింది. ఆ వారమంతా పగటిపూట పని తీరిన తరువాత ఆ తలుపు ముందు కూర్చున్నాను. ఊహకు వచ్చిన పేర్లు కొట్టడం నాకు చాతకాదు. పద్ధతి కావాలి. జనగణన విధులలో ఊరూరా తిరిగిన రోజులు గుర్తుకు తెచ్చుకున్నాను. ఆ పనిలో ఇంటి తలుపు తట్టి, ముందు యజమాని పేరు, తరువాత యజమానికి ఏమవుతారో ఆ వరుసలో ఒక్కొక్కరి పేరు రాసుకుంటాం. ఎవరు ముఖ్యులు, ఎవరు కారు అని మనం ఆలోచించకూడదు. పొయ్యి ఒక్కటైతే అందరినీ ఎక్కించాలి. ఊరంతా లెక్క రాసి తమ ఇంటిని మరిచిపోయిన ఉద్యోగులు ఉన్నారని శిక్షణలో నవ్వుతూ హెచ్చరించేవారు.

అలాగే మా ఇంటిని రాయడం మొదలుపెట్టాను. యజమాని. ఆయన పేరు చూశాం, కాదు. రెండో గడి, యజమాని భార్య.

కలం ఆగింది. ఆ గడి మేము చూడలేదు. బిడ్డకు తోచలేదు. ఆమెకు నేను అమ్మను. ఆడబిడ్డకు వదినెను, వీధికి ఆఫీసమ్మను, కార్యాలయానికి మేడమ్‌ను, ఆయనకు ఇగోను. మా అమ్మ పోయిన తరువాత నన్ను పేరుపెట్టి పిలిచినవారు లేరు. ప్రభుత్వ కాగితాల మీద ఉందంటే ఉంది, ముందు ఇంటిపేరు, వెనక ఫలానావారి భార్య అన్న తోకతో. నాకే నా పేరు తోచలేదంటే ఇతరులను అని ఏం లాభం.

చిన్న అక్షరాలతో, ఇంటిపేరు లేకుండా, తోక లేకుండా, మా అమ్మ పిలిచినంత పేరు కొట్టాను. వంకర గుర్తు, చిరునామా. చీకట్లో స్కూటరు నంబరు రాశాను.

తలుపు తెరుచుకుంది.

నల్ల తెరమీద ముందుగా ఒక వరుస వచ్చింది. మీరు ఇంతకుముందు చివరిసారి లోపలికి వచ్చినది ఫలానా రోజు, ఫలానా వేళ. చదివాను. ఆయనను దవాఖానకు తీసుకుపోయిన రోజు అది, మేము ఇల్లు కదలడానికి కొద్దిగా ముందు. అంటే నొప్పి మొదలయ్యాక. నేను బీరువాలో కాగితాలు వెతుకుతుంటే ఆయన కుర్చీలో ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇప్పుడు కూడా ఫోనేనా అని కసిరాను. ట్యాంకు చూసుకుంటున్నారు కాబోలు. ఇల్లు విడిచి వెళుతూ నీళ్ళ సంగతి సరిచేసి వెళ్ళారు. అందుకు ఆయన చేయవలసి వచ్చిన మొదటి పని నా పేరు కొట్టడం.

నోటితో ఎన్నడూ పిలవని మనిషి, ఆ యంత్రాన్ని తెరిచిన ప్రతిసారీ నా పేరుతోనే తెరిచాడు. నేను అదే గదిలో ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉండేదాన్ని.

ఆ వరుసను పుస్తకంలోకి ఎక్కించుకున్న తరువాతే బిడ్డకు ఫోను చేశాను.

"దొరికింది."

"ఏం పేరమ్మా?"

"నాది."

ఆమె గొంతు వేరుగా వచ్చింది. "బాపూ... ఎంత మనిషివి బాపూ." వెంటనే సర్దుకుని, "సరే, ఏమీ ముట్టకు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు" అంది.

ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్కో అక్షరం కొట్టాను. గొంతులున్న సంచి, ఫోల్డరు అంటారట, తెరిచాం. అసలు వాక్యం ఉన్న ఫైలును ల్యాప్‌టాపులోకి తెమ్మంటే కొంత వచ్చి, చదవలేనని ఆగిపోయింది. మళ్ళీ అడిగాం. మళ్ళీ అక్కడే ఆగింది. మెట్ల కింద అది "ఇగో" అంటున్నప్పుడల్లా తెరమీద అదే తప్పు కనబడింది. ఆ రోజు, మరునాడు, ఎన్నిసార్లు అడిగినా "ఇగో" దాకానే వచ్చింది. ఆ తరువాతది కార్డులోనే కరిగిపోయింది.

"పోయినట్టేనా?" అన్నాను.

"అది పోయినట్టే అమ్మా. కాని పక్కన ఇంకేవో ఉన్నయ్ చూడు. అవి వస్తయేమో."

వచ్చాయి. అవి ఆయన మొదట చేసి పక్కన పడేసిన రికార్డులు. ఒక దాంట్లో, "జలాశయము నిండినది, గమనించవలెను" అని నా కార్యాలయం భాషలో చెప్పి, తన మాటకు తానే పకపకా నవ్వారు. ఇంకో దాంట్లో వాక్యం మొదలుపెట్టగానే దగ్గు వచ్చింది. మూడో దాంట్లో, "ఇగో, నీళ్ళు..." అనగానే దూరంనుంచి, వంటగదినుంచి కావచ్చు, ఒక ఆడమనిషి గొంతు గట్టిగా, "ఎవరితోని మాట్లాడుతున్నవ్ ఆడ?" అంది. ఆయన ఇటు తిరిగి, "నీతోనే" అన్నారు. అక్కడితో ఆగిపోయింది.

ఆ ఆడమనిషి నేనే. ఆ రోజు నాకు గుర్తు లేదు. పుస్తకాలన్నీ తిరగేశాను. ట్యాంకు పొంగిన ప్రతి పద్దూ ఉంది. ఇది మాత్రం లేదు.

పాడైన ఫైలును తీసివేయమంది బిడ్డ. అది అడ్డం తొలగితే యంత్రం తడబడదు, నీళ్ళ పని చేసుకుంటుంది, గొంతు ఉండదు. తుడిచే కమాండ్ ఆమె చెప్పింది. అక్షరాలు నేను కొట్టాను, ఎంటర్ నేను నొక్కాను. ఉద్యోగంలో ఉండగా, పోయినవారి పేర్లు ఎన్నో జాబితాలనుంచి కొట్టివేశాను. అప్పుడు ప్రతిదానికీ ఒక ధ్రువపత్రం ఉండేది, పై అధికారి సంతకం ఉండేది. ఇక్కడ ఏమీ అడగలేదు. నిజంగానా అనైనా అడగలేదు. ఆ మధ్యాహ్నం శిక్షణ విమానం మూలుగుతూ పోయింది. తరువాత ఏమీ వినిపించలేదు. నేను సాయంత్రం దాకా ఆ ఏమీ లేకపోవడాన్ని వింటూ పడుకున్నాను.

ఏడాది రోజు పొద్దున్నే ఆడబిడ్డ వచ్చింది. వచ్చీరాగానే మెట్ల కిందికి చూసింది. డబ్బా అక్కడే ఉంది. నన్నొక చూపు చూసి పనుల తొందరలో పడింది. కార్యక్రమం అయింది. పైన డాబామీద కాకికి పెట్టి దిగి వచ్చాం. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటున్నారు. అప్పుడు టక్కుమంది. వాకిట్లో మోటరు ఆగింది.

ఆడబిడ్డ చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మెట్లవైపు చెవి పెట్టింది. వచ్చినవాళ్ళలో కొందరు కూడా ముద్ద ఆపారు. గొంతు సవరించుకోవడానికి పట్టేంత సమయం గడిచింది. ఒక వాక్యం చెప్పడానికి పట్టేంత సమయం గడిచింది.

"ఏమాయె?" అంది ఆమె. "అన్న మాట్లాడడా?"

"నువ్వే బంద్ జేయమంటివి గదా."

"అవ్. అంటిని." గరిటె పాత్రలో పెట్టింది. మెట్ల కిందికి పోయి, "ఎవలకు జెప్పకుంట బంద్ జేసినవా వదినె? ఒక్క మాట నాకు జెప్తే ఏమాయె? వచ్చి ఇనకపోదునా ఒక్కపారి?"

కోపం వచ్చింది నాకు. మొన్నమొన్నటిదాకా ఈ గొంతును ఇంట్లోంచి తరమాలని నా మీద పడిన మనిషి ఈ మాట అంటుందా అని. జవాబు నోటిదాకా వచ్చింది. కానీ ఆమె మెట్ల కింద గోడకు ఆనుకుని, మొదటి రోజు నిలబడినట్టే రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. భోజనాలైన తరువాత ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ల్యాప్‌టాపు తెరిచి ఆ మూడోది వినిపించాను.

"ఇగో, నీళ్ళు... ఎవరితోని మాట్లాడుతున్నవ్ ఆడ?... నీతోనే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. కొంగు దించి, "వదినె, గందుల నువ్వు గూడ ఉన్నవ్" అంది. "నువ్వు గట్ల ఒర్రక ఏడాదాయె. గా మనిషి ఏడబోయింది?"

ల్యాప్‌టాపు మూత దించాను.

"నీ ఫోన్ల వేయించుమందునా బిడ్డతోని?" అని అడిగాను.

"వద్దు. నా ఇంట్ల మోగితే నేను పండలేను. నీ కాడనే ఉండనీ." బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఫోను సంగతి... అప్పుడు నాకు తెల్వకపాయె" అంది. ఫోను పాట నేను మళ్ళీ పాడలేదు.

ఇప్పుడు నీళ్ళు నిండిన సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పరు. తెలుసుకోవాలంటే నేనే అడగాలి. పాలు పొయ్యిమీద పెట్టి, ల్యాప్‌టాపు తెరిచి, నల్ల తెరలో నా పేరు, వంకర గుర్తు, చిరునామా కొడతాను. పేరు కొట్టే శ్రమ లేకుండా ఒక్క మీట నొక్కితే తెరుచుకునేలా చేసి పెడతానని బిడ్డ అంది. వద్దన్నాను. లోపలికి వెళ్ళి ట్యాంకు ఎంత నిండిందో అడుగుతాను. అంకె చెబుతుంది. ఆ అంకెకు కూడా "ఆఁ" అంటున్నానని ఈ మధ్యే గమనించాను.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. చివరిసారి ఎప్పుడు వచ్చారో చెప్పే ఆ మొదటి వరుసలో ఆయన వేళ నాకు ఒక్కసారే కనబడింది. రెండోసారి వెళ్ళేసరికి దాని స్థానంలో నా వేళ ఉంది. పాత పద్దు మీద కొత్త పద్దు రాసే పుస్తకాన్ని నేనెక్కడా చూడలేదు. ఈ మాట కోపంగా చెబితే, పాతవి పోలేదమ్మా, విడిగా ఉంటాయి అని బిడ్డ ఇంకో కమాండ్ నేర్పింది. అది కొడితే లోపలికి వచ్చినవారి వరుస తెరనిండా దిగుతుంది. అతి పాతవి రాలిపోయినట్టున్నాయి, మిగిలినవి ఉన్నాయి. పైనుంచి కిందిదాకా ప్రతి వరుసకూ మొదట ఒకటే పేరు, నాది. పైవి నేను వెళ్ళినవి, కిందివి ఆయన వెళ్ళినవి. నడుమ ఏడాదికి కాస్త తక్కువ కాలం ఎవరూ రాలేదు. ఆ ఖాళీ తప్ప, ఎక్కడ ఆయన ఆగారో, ఎక్కడ నేను మొదలుపెట్టానో తెలియడానికి గీత లేదు, గుర్తు లేదు. మరణించినట్టు రాయడానికి అందులో గడి లేదు.

యంత్రం రాసుకున్న ఆ పుస్తకం లెక్కలో మా ఇంటినుంచి మొదటినుంచీ ఒక్కరే వస్తున్నారు. కొంతకాలం రాలేదు. మళ్ళీ వస్తున్నారు.